ఆదికాండం 48వ అధ్యాయం: యూదు వ్యాఖ్యానంలో ఎఫ్రాయిము, మనష్షేల దత్తత

ఆదికాండం 48వ అధ్యాయంలో వృద్ధుడై మంచం పట్టిన యాకోబు, తన కొడుకు యోసేపుకు ఐగుప్తులో పుట్టిన ఇద్దరు కొడుకులను, మనష్షేను, ఎఫ్రాయిమును, తన సొంత కొడుకులుగా స్వీకరిస్తాడు. చనిపోయాడనుకుని ఇరవై రెండేళ్లు ఏడ్చిన కొడుకు బతికి దొరకడమే కాక, ఆ కొడుకు పిల్లలు కూడా అతని కళ్లబడ్డారు. ఆ సంతోషం చెప్పుకుంటూనే యాకోబు ఎప్పుడో దారి మధ్యలో చనిపోయిన భార్య రాహేలును తలచుకుంటాడు. చితికిపోయిన కుటుంబం మళ్లీ ఎలా నిలబడుతుందన్న ప్రశ్న మీద యూదు వ్యాఖ్యాతలు చేసిన లోతైన ఆలోచనల్లో చాలా భాగం ఈ అధ్యాయం చుట్టూ, దీనికి దారితీసిన 37, 41, 46 అధ్యాయాల చుట్టూ అల్లుకుంది. ఈ కథలోని చిన్న మనుమడి పేరుతో తమను తాము పిలుచుకునే ఒక తెలుగు యూదు సమాజం గుంటూరు జిల్లాలో ఉంది కాబట్టి, ఈ వ్యాఖ్యానాలు తెలుగు నేలకు కూడా సంబంధించినవే.

కథాక్రమం, వ్యాఖ్యాన గ్రంథాలు

యోసేపును అన్నలు అమ్మేసినప్పుడు అతని వయసు పదిహేడు. ఫరో ముందు నిలబడినప్పుడు ముప్పై. ఏడేళ్ల సమృద్ధి గడిచి, కరవు రెండో ఏట తండ్రి ఐగుప్తు చేరేసరికి ముప్పై తొమ్మిది. అప్పటికి యాకోబుకు 130 ఏళ్లు. అక్కడ మరో పదిహేడేళ్లు బతికి 147వ ఏట కన్నుమూశాడు. అంటే కొడుకు దూరం కాకముందు ఎన్నేళ్లు అతనితో గడిపాడో, తిరిగి దొరికాక కూడా సరిగ్గా అన్నేళ్లే గడిపాడు. ఎడబాటు కాలమైన ఇరవై రెండేళ్లకు కూడా యూదు రబ్బీల ధర్మచర్చల సంకలనమైన తాల్ముద్ ఒక లెక్క చెబుతుంది: యాకోబు తన తండ్రి ఇస్సాకును విడిచి అన్నేళ్లూ దూరంగా ఉన్నాడు కాబట్టి, అదే దుఃఖం అతనికీ ఎదురైంది.

48వ అధ్యాయం సినగాగుల్లో ఏటా చదివే తోరా భాగాల్లో 'వయెహి' అనే భాగంలోకి వస్తుంది. ఆదికాండంలో ఇది చివరిది. తోరా చుట్టల్లో భాగానికీ భాగానికీ మధ్య ఖాళీ విడవడం ఆనవాయితీ. దీనికి ముందు మాత్రం ఆ ఖాళీ లేదు. యాకోబు మరణంతో దాస్యం మొదలై ఇశ్రాయేలీయుల కళ్లూ హృదయాలూ మూసుకుపోయాయనడానికి ఇది గుర్తని రాషీ వివరించాడు.

ఫ్రాన్సులోని త్రోయెస్ నగరానికి చెందిన రాషీ (1040–1105) వ్యాఖ్యానమే ఈ అధ్యాయానికి అందరూ మొదట చూసేది. అతను ఎక్కువగా ఆధారపడినవి బెరేషిత్ రబ్బా వంటి పాత మిద్రాష్ (పూర్వ రబ్బీల లేఖన వ్యాఖ్యానాల) సంకలనాలు, తాల్ముద్, ఒంకెలోస్ చేసిన అరామిక్ అనువాదం. తర్వాతి తరాల్లో స్పెయిన్‌కు చెందిన నహ్మనిదీస్ (1194–1270), ఇసాక్ అరామా, ఇటలీకి చెందిన స్ఫోర్నో, 19వ శతాబ్దంలో జర్మనీకి చెందిన సామ్సన్ రఫాయేల్ హిర్ష్, వోలోజిన్ విద్యాపీఠాధిపతి నెత్సీవ్ వంటివారు దీని మీద రాశారు.

ఓదార్పుకు లొంగని తండ్రి

48వ అధ్యాయంలోని ఆనందం అర్థం కావాలంటే 37వ అధ్యాయంలోని శోకం నుంచి మొదలుపెట్టాలి. రక్తంలో ముంచిన అంగీ చూసి యాకోబు బట్టలు చింపుకుంటాడు. కొడుకులూ కూతుళ్లూ ఎంత ఓదార్చినా వినడు. ఏ దుఃఖమైనా కాలంతోపాటు తగ్గుతుంది కదా, ఇతనికెందుకు తగ్గలేదు? బెరేషిత్ రబ్బా నుంచి రాషీ అందుకున్న జవాబు ఇది: చనిపోయినవాళ్లు మెల్లగా మనసు నుంచి తొలగిపోవాలన్నది దైవ నియమం, ఆ నియమం బతికి ఉన్నవాళ్లకు వర్తించదు. యోసేపు బతికే ఉన్నాడు కాబట్టి తండ్రి మనసుకు ఊరట దొరకలేదు. యాకోబుకు తెలియని నిజం అతని దుఃఖానికి తెలిసిందన్నమాట. ఇదే సందర్భంలో తండ్రి ఏడ్చాడన్న మాటను రాషీ తాత ఇస్సాకుకు అన్వయిస్తాడు. యోసేపు బతికున్నాడని ఇస్సాకుకు తెలుసు. కానీ దేవుడు బయటపెట్టని విషయం తాను చెప్పలేక, కొడుకు బాధ చూసి ఏడ్చాడు.

కొడుకు బతికున్నాడన్న కబురు అందాక యాకోబు ప్రాణం తెప్పరిల్లిందని 45వ అధ్యాయం చెబుతుంది. ఆ ఇరవై రెండేళ్లూ శోకం వల్ల అతన్ని విడిచివెళ్లిన దైవసాన్నిధ్యం అప్పుడే తిరిగి వచ్చిందని ఒంకెలోస్, రాషీ అంటారు. శోకంలో మునిగిన మనిషికి ప్రవచనం పలకదన్న నమ్మకం దీని వెనుక ఉంది.

తండ్రీకొడుకులు కలుసుకున్నప్పుడు ఒకరు మరొకరి మెడ మీద పడి చాలాసేపు ఏడ్చినట్టు 46వ అధ్యాయంలో ఉంది. ఏడ్చింది ఎవరో పాఠంలో స్పష్టంగా లేదు. ఏడ్చింది యోసేపేనని, యాకోబు ఆ క్షణంలో దేవుడు ఒక్కడేనని చాటే 'షెమా' ప్రార్థన చదువుతున్నాడని పూర్వ పండితుల మాటగా రాషీ చెప్పాడు. నహ్మనిదీస్‌కు ఇది నచ్చలేదు. నిరాశలో ఏళ్ల తరబడి ఏడ్చి, చివరికి బతికున్న కొడుకును చూసిన ముసలి తండ్రికి కన్నీళ్లు ఎక్కువా, పదవిలో ఉన్న యువకుడికి ఎక్కువా అన్నది లోకమంతటికీ తెలిసిందే కదా అని అడిగి, ఏడ్చింది యాకోబేనని తేల్చాడు. మధ్యయుగపు వ్యాఖ్యానంలో మానవ స్వభావాన్నే ప్రమాణంగా తీసుకున్న చోట్లలో ఇదొకటి. నహ్మనిదీస్ స్వయంగా 1267లో స్పెయిన్‌లోని తన కుటుంబాన్ని విడిచి పాలస్తీనాకు వలసపోయినవాడు.

మరపు పేరు, ఫలింపు పేరు

యోసేపు పెద్ద కొడుకుకు మనష్షే అని పేరు పెడుతూ, తన కష్టాన్నీ తండ్రి ఇంటినంతటినీ దేవుడు మరపించాడన్నాడు. రెండోవాడికి ఎఫ్రాయిము అని పెడుతూ, తాను బాధపడిన దేశంలోనే దేవుడు తనను ఫలింపజేశాడన్నాడు. ఇక్కడ చర్చంతా మొదటి పేరు మీదే. తన కోసం కుమిలిపోతున్న తండ్రిని మరిచిపోయానని ఒక నీతిమంతుడు ఎలా చెప్పగలడు?

నహ్మనిదీస్ ఈ ప్రశ్నను పదునుపెట్టాడు. ఐగుప్తు నుంచి తండ్రి ఉన్న హెబ్రోను సుమారు ఆరు రోజుల ప్రయాణమే. ఒక్క ఉత్తరమైనా రాయలేదేం? తన చిన్ననాటి కలలు పూర్తిగా నెరవేరేదాకా యోసేపు ఆగాడన్నది అతని జవాబు. 15వ శతాబ్దపు ఇసాక్ అరామా దీన్ని ఒప్పుకోలేదు. కలలు ఇచ్చినవాడే వాటి నెరవేర్పు చూసుకుంటాడు, కొడుకు తండ్రిని బాధపెట్టి వాటిని నెరవేర్చనక్కర్లేదన్నాడు. హిర్ష్ మరో దారి పట్టాడు. ఆ పేరులోని హీబ్రూ ధాతువుకు అప్పిచ్చినవాడన్న అర్థం కూడా ఉంది. దాని ప్రకారం దేవుడు తన కష్టాలనూ తండ్రి ఇంటినీ తనకు రుణదాతలుగా మార్చాడని, ఇప్పటి సౌభాగ్యానికి వాళ్లకే బాకీపడ్డానని యోసేపు చెబుతున్నాడు. తెలివైన వివరణే, అయితే పాఠంలోని గాయాన్ని అది పూర్తిగా కప్పేస్తుంది. పరాయి దేశంలో దాసుడై, ఖైదీయై, చివరికి నిలదొక్కుకున్న ముప్పై ఏళ్ల మనిషి మరపునే వరంగా భావించడంలో అసహజమేమీ లేదు. పైగా మరిచాననే మాటను కొడుకు పేరులో పెట్టి రోజూ పిలిచినవాడు నిజంగా మరిచినవాడు కాలేడు.

ఇద్దరూ కరవు ఏళ్లు రాకముందే పుట్టారని పాఠం ప్రత్యేకంగా చెబుతుంది. దీని నుంచి తాల్ముద్‌లోని తానీత్ ప్రకరణంలో రేష్ లాకిష్ ఒక నియమం తీశాడు: లోకం ఆకలితో అలమటిస్తున్నప్పుడు దంపతులు కాపురం మానుకోవాలి, సంతానం లేనివారికి మాత్రం మినహాయింపు. దీని మీద తోసాఫోత్ అనే మధ్యయుగపు తాల్ముద్ వ్యాఖ్యాతలకు సందేహం వచ్చింది. యాకోబు కుటుంబం ఐగుప్తులో అడుగుపెడుతుండగా అతని కొడుకు లేవికి యోకెబెదు అనే కూతురు పుట్టిందని సంప్రదాయం. అది కరవు కాలమే. కాబట్టి ఇది అందరికీ విధి కాదు, యోసేపు తనకు తాను పెట్టుకున్న కఠిన నియమం అని వారు తేల్చారు.

పిల్లల తల్లి ఆసెనతు ఐగుప్తు యాజకుడు పోతీఫెర కూతురు. ఎనిమిదో శతాబ్దం నాటిదిగా భావించే పిర్కె దె-రబ్బి ఎలియెజెర్ ఆమెకు వేరే పుట్టుక కల్పించింది. షెకెము అనేవాడు చెరిచిన యాకోబు కూతురు దీనాకు పుట్టిన బిడ్డే ఆసెనతు. మేనమామలు ఆ పసిదాన్ని చంపబోతే, తాత యాకోబు దైవనామం చెక్కిన బంగారు రేకు మెడలో కట్టి పంపేశాడు. మిఖాయేలు దూత ఆమెను ఐగుప్తులో పిల్లల్లేని పోతీఫెర ఇంటికి చేర్చాడు. ఈ కథ ప్రకారం ఎఫ్రాయిము, మనష్షేలు యాకోబు పోగొట్టుకున్న కొడుకు సంతానమే కాదు, అవమానం భయంతో ఇల్లు దాటించిన మనుమరాలి సంతానం కూడా. కుటుంబం బయటికి నెట్టిన రెండు కొమ్మలు పరాయి నేలలో కలిసి తిరిగి అదే ఇంటికి చేరాయి. పరజాతి స్త్రీకి పుట్టినవారు గోత్రపితలు కావడమేమిటన్న ఇబ్బందిని తప్పించడానికే ఈ కథ పుట్టి ఉండవచ్చు. అయినా అందులోని ఊహ గొప్పది.

రాహేలు ప్రస్తావన

మనుమలను తనవారిగా ప్రకటించిన వెంటనే యాకోబు, పద్దను నుంచి వస్తుండగా రాహేలు తనకు దక్కకుండా పోయిందని, ఎఫ్రాతా దారిలోనే ఆమెను పాతిపెట్టానని చెబుతాడు. ముందు మాటకూ దీనికీ పొంతన కనిపించదు. వ్యాఖ్యాతలు అందుకే ఇక్కడ ఎక్కువసేపు ఆగారు.

రాషీ దీన్ని క్షమాపణగా చదివాడు. తనను కనానుకు తీసుకువెళ్లి పాతిపెట్టమని యాకోబు కొడుకు చేత అప్పటికే ప్రమాణం చేయించాడు. నీ తల్లికి నేనా పని చేయలేదు, ఊరు దగ్గరలోనే ఉన్నా ఆమెను అక్కడికి చేర్చలేదు. నీ మనసులో దాని మీద కష్టం ఉందని నాకు తెలుసు. కానీ అది దైవాజ్ఞ అని యాకోబు వివరిస్తున్నాడు. బబులోను సేనాని నెబూజరదాను ప్రజలను చెరపట్టి తీసుకుపోయేటప్పుడు ఆ దారినే నడుస్తారు. అప్పుడు రాహేలు సమాధి నుంచి లేచి బిడ్డల కోసం ఏడ్చి వేడుకుంటుంది, పిల్లలు తిరిగి వస్తారన్న మాట పొందుతుంది. యిర్మీయా గ్రంథం 31వ అధ్యాయంలో ఏడుస్తున్న రాహేలు ఈమే. తండ్రీకొడుకుల మధ్య ఏళ్ల తరబడి ఎవరూ పైకెత్తని ఒక మనస్తాపాన్ని రాషీ ఈ వాక్యంలో పట్టుకున్నాడు.

రాహేలు మరణానికీ దత్తతకూ ఉన్న లంకెను పై వాక్యం మీద రాషీ రాసిందే చూపిస్తుంది. బేతేలులో దేవుడు యాకోబుకు ఒక జనాంగమూ జనాంగాల సమూహమూ ఇంకా పుడతాయని మాట ఇచ్చాడు. ఆ తర్వాత పుట్టింది బెన్యామీను ఒక్కడే. అతని పురిట్లోనే రాహేలు చనిపోయింది. ఒక జనాంగం బెన్యామీనే అయితే, సమూహమనడానికి కావలసిన మిగిలిన ఇద్దరు ఎవరు? తన గోత్రాల్లో ఒకటి రెండుగా చీలాలన్నదే దీని భావమని యాకోబు గ్రహించి, ఆ కానుకను యోసేపుకు ఇచ్చాడు. ఈ వివరణలో ఎఫ్రాయిము, మనష్షేలు రాహేలు కనలేకపోయిన బిడ్డల స్థానంలో నిలుస్తారు. ఆమె లోటు తీరిందని మాత్రం ఎవరూ అనలేదు.

రాహేలు సమాధి మీద యాకోబు ఒక రాతిస్తంభం నిలిపాడని 35వ అధ్యాయం చెబుతుంది. బస్తర్ మారియా గోండుల నిలువురాళ్లు తెలిసినవారికి ఇది కొత్తగా తోచదు. ఉరస్కల్ అనే ఆ రాళ్లను చనిపోయినవారి పేర నిలుపుతారు. దంతేవాడ దగ్గరి గమావాడ వంటి చోట్ల ఇవి ఇప్పటికీ వరుసగా నిలబడి కనిపిస్తాయి. డబ్ల్యు. వి. గ్రిగ్సన్ 1938 నాటి గ్రంథంలో మారియాల అంత్యక్రియలనూ, వెరియర్ ఎల్విన్ 1947 నాటి గ్రంథంలో మురియాల జీవితాన్నీ వివరంగా నమోదు చేశారు. పోయిన పెద్దలు అదే ఇంట బిడ్డగా తిరిగి పుడతారన్నది బస్తర్ గోండు సమాజాల్లో బలమైన నమ్మకం. బిడ్డకు పెట్టే పేరు ఆ నమ్మకం నుంచే వస్తుంది. యాకోబు కూడా తన పేరూ తన పితరుల పేర్లూ ఈ పిల్లల మీద నిలవాలని దీవించాడు. ప్రధాన వ్యాఖ్యాతలు ఇక్కడ పునర్జన్మ మాట ఎత్తలేదు. పోయినవారు పోయినవారే, పేరు మాత్రం బతికున్నవారి మీద ఉంటుంది. యూరప్‌లోని అష్కెనాజీ యూదులు చనిపోయిన బంధువుల పేర్లు పిల్లలకు పెడితే, సెఫార్దీ యూదులు బతికున్న తాతల పేర్లు కూడా పెడతారు.

దత్తత స్వరూపం

తెలుగువారికి తెలిసిన దత్తతతో దీన్ని పోల్చలేం. హిందూ దత్తతలో బిడ్డ కన్నవారి ఇంటి నుంచి దత్తత తీసుకున్నవారి ఇంటికి మారిపోతాడు. 1956 నాటి చట్టం కూడా అదే చెబుతుంది. ఎఫ్రాయిము, మనష్షేలు మాత్రం యోసేపు కొడుకులుగానే ఉండిపోయారు. తాల్ముద్‌లోని హోరాయోత్ ప్రకరణం వారిని యాకోబు పెద్ద కొడుకులు రూబేను, షిమ్యోనులతో సమానం చేసింది వారసత్వం విషయంలోనేనని గిరిగీసింది. దీని ఫలితం కనాను భూమి పంపకంలో కనబడుతుంది. రూబేను తండ్రి పడకను అపవిత్రం చేసి పోగొట్టుకున్న జ్యేష్ఠత్వం యోసేపు సంతతికి వచ్చిందని మొదటి దినవృత్తాంతములు 5వ అధ్యాయం చెబుతుంది. జ్యేష్ఠుడికి రెండు వంతులు కాబట్టి యోసేపుకు ఇద్దరు కొడుకుల పేర రెండు వాటాలు దక్కాయి. లేవి గోత్రానికి భూమి లేనందున మొత్తం పన్నెండు వాటాలకు లెక్క సరిపోయింది.

యోసేపు పిల్లలను తండ్రి మోకాళ్ల దగ్గర నుంచి పక్కకు తీసుకున్నాడన్న మాట చదివి వారు పసిపిల్లలనుకునే ప్రమాదం ఉంది. కరవుకు ముందే పుట్టి, తాతతో పదిహేడేళ్లు ఐగుప్తులో గడిపినవారు అప్పటికి కనీసం పంతొమ్మిది, ఇరవై ఏళ్లవారు. మోకాళ్ల మీద ఉంచుకోవడం ప్రాచీన పశ్చిమాసియాలో బిడ్డను తనవాడిగా ఒప్పుకునే గుర్తు. యోసేపు తన మునిమనుమలను అలాగే స్వీకరించినట్టు 50వ అధ్యాయంలో ఉంది.

కన్నవారి స్థానాన్ని పూర్తిగా మరొకరికి బదలాయించే దత్తతను యూదు ధర్మశాస్త్రం ఏర్పరచలేదు. అయితే అనాథను ఇంట పెంచినవారిని కన్నవారిగానే లేఖనం ఎంచుతుందని తాల్ముద్‌లోని సన్హెద్రిన్ ప్రకరణం చెబుతుంది.

చేతులు మార్చి ఇచ్చిన దీవెన

మనుమలను చూడగానే యాకోబు వీరెవరని అడుగుతాడు. ముసలితనంతో అతని చూపు మందగించిందని పాఠమే చెబుతున్నా, రాషీ వేరే కారణం ఇచ్చాడు. ఎఫ్రాయిము సంతతి నుంచి యరొబాము, అహాబు, మనష్షే సంతతి నుంచి యెహూ అనే చెడ్డ రాజులు పుట్టబోతున్నారని కనిపించి, దైవసాన్నిధ్యం అతన్ని విడిచింది. అప్పుడు యోసేపు తన వివాహ పత్రాన్ని చూపి ప్రార్థించాడు. కుటుంబం మళ్లీ చిగురించినంత మాత్రాన రాబోయే తరమంతా మంచిదే అవుతుందన్న భరోసా ఈ వ్యాఖ్యానంలో లేదు.

యోసేపు పెద్దవాడిని కుడివైపు నిలిపినా, యాకోబు చేతులు మార్చి కుడిచేయి ఎఫ్రాయిము తల మీద ఉంచాడు. యోసేపు అభ్యంతరం చెప్పినా వినలేదు. మనష్షే వంశంలో గిద్యోను వస్తాడని, ఎఫ్రాయిము వంశంలో దేశాన్ని పంచి తోరాను బోధించే యెహోషువ వస్తాడని రాషీ కారణం చెప్పాడు. పిల్లలు చేపల్లా వృద్ధి చెందాలన్న మాట నుంచి తాల్ముద్, నీటి చాటున ఉన్న చేపలకు తగలనట్టే యోసేపు సంతతికి దిష్టి తగలదని చెప్పింది.

ఇశ్రాయేలీయులు తమ పిల్లలను ఎఫ్రాయిములా, మనష్షేలా కావాలని దీవిస్తారని యాకోబు అన్న మాట నేటికీ అమలులో ఉంది. శుక్రవారం రాత్రి సబ్బాతు భోజనానికి ముందు తండ్రి కొడుకుల తల మీద చేతులుంచి ఈ ఇద్దరి పేర్లూ తలుస్తాడు. కూతుళ్లకైతే శారా, రిబ్కా, రాహేలు, లేయాల పేర్లు. అబ్రాహామును, ఇస్సాకును కాదని వీరినెందుకు ఎంచుకున్నారన్న దానికి పలు జవాబులున్నాయి. ఒకరు తోరాలో, మరొకరు లోకవ్యవహారంలో మేటి కాబట్టి ఇద్దరూ కావాలని నెత్సీవ్ అన్నాడు. ఆదికాండంలో చిన్నవాడిని ముందు పెట్టినా పెద్దవాడు పగబట్టని మొదటి అన్నదమ్ములు వీరేనన్నది నేడు ఎక్కువగా వినిపించే మాట. కయీను, ఏశావు, యోసేపు అన్నల కథల తర్వాత ఈ ఇంట్లో అసూయ ఆగిందని గుర్తించడం నిజంగా ముఖ్యమైనదే.

ఎఫ్రాయిము ఇంట చావు, మళ్లీ పుట్టుక

ఫలింపు పేరు పెట్టుకున్నవాడికీ పుత్రశోకం తప్పలేదు. మొదటి దినవృత్తాంతములు 7వ అధ్యాయం ప్రకారం ఎఫ్రాయిము కొడుకులను గాతు ఊరివారు చంపారు. అతను చాలా రోజులు ఏడ్చాడు. బంధువులు వచ్చి పరామర్శించారు. తర్వాత భార్య మరో కొడుకును కంటే, తన ఇంటికి కీడు కలిగినందున బెరీయా అని పేరు పెట్టాడు. మరపును పేరుగా పెట్టిన యోసేపుకు ఇది పూర్తిగా ఎదురు. ఆ వంశావళి చివర యెహోషువ పేరు ఉంది. చనిపోయిన కొడుకులు విడుదల కాలాన్ని తప్పుగా లెక్కించి ముందే ఐగుప్తు వదిలినవారని, ప్రవక్త యెహెజ్కేలు చూసిన లోయలో లేచిన ఎండుటెముకలు వారివేనని తాల్ముద్ చెబుతుంది.

పోయిన గోత్రాలు, తెలుగు బెనె ఎఫ్రాయిము

క్రీ. పూ. 722 ప్రాంతంలో అష్షూరు సామ్రాజ్యం ఉత్తర ఇశ్రాయేలు రాజధాని షోమ్రోనును పట్టుకుని ఆ రాజ్యంలోని పది గోత్రాల ప్రజలను చెదరగొట్టింది. వారిలో ప్రధానమైనది ఎఫ్రాయిము గోత్రం. అప్పటి నుంచి ఎఫ్రాయిము పేరు పోయిన బిడ్డకు మారుపేరైంది. ఆ పది గోత్రాలు తిరిగి రావని రబ్బి అకీవా అంటే, చీకటి పడిన రోజు మళ్లీ తెల్లవారినట్టే వారికీ వెలుగు వస్తుందని రబ్బి ఎలియెజెర్ అన్నట్టు తాల్ముద్‌కు మూలమైన మిష్నా నమోదు చేసింది.

ఈ పోయిన గోత్రం తామేనని చెప్పుకునేవారు గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెం కేంద్రంగా ఉన్న బెనె ఎఫ్రాయిము సమాజం. మాదిగ కులానికి చెందిన వీరు అంతకుముందు క్రైస్తవులు. తమ పూర్వీకులు ఇశ్రాయేలు నుంచి పర్షియా, ఉత్తర భారతం మీదుగా దక్షిణాదికి వచ్చి, కులవ్యవస్థలో అణగారి మూలాన్ని పోగొట్టుకున్నారని వీరి కథనం. షముయేల్ యాకోబి, సాదోక్ యాకోబి సోదరుల నాయకత్వంలో ఈ సమాజం 1980ల నుంచి రూపుదిద్దుకుంది. 1991లో సినగాగు ఏర్పడింది. దాని పేరు బెనె యాకోబ్, అంటే యాకోబు సంతతి. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో ప్రచురించిన అధ్యయన గ్రంథం ఈ ఉద్యమాన్ని దళిత ఆత్మగౌరవ పోరాటంతో కలిపి చూసింది. అది సమంజసమైన దృష్టి. తాత మంచం పక్కన పేరు దక్కించుకున్న మనుమడి కథలో, ఊరి చివరకు నెట్టబడినవారు తమ స్థానాన్ని చూసుకోవడం అర్థం చేసుకోదగినదే.

మణిపుర్, మిజోరంలలోని కుకీ, మిజో జాతుల నుంచి వచ్చిన బ్నెయ్ మెనాషె సమాజం తమది మనష్షే గోత్రమని చెబుతుంది. ఇశ్రాయేల్ అప్పటి సెఫార్దీ ప్రధాన రబ్బి ష్లోమో అమార్ 2005లో వారిని ఇశ్రాయేలు సంతతిగా గుర్తించాడు. మతస్వీకార విధి పూర్తిచేసుకుని వారిలో వేలమంది అక్కడికి వలసపోయారు. బెనె ఎఫ్రాయిముకు అటువంటి గుర్తింపు దక్కలేదు.